గొట్టాలు కడిగే చేతులు

ఈ వ్యాసం రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. బీరు పంపుల గురించి, వాటి గొట్టాలు కడగడం గురించి స్త్రీల పత్రికలో ఏం రాస్తామన్నది ఒక సంకోచం. అంతకంటే పెద్ద సంకోచం ఇంకొకటి ఉంది. నాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మా ఊరికి వచ్చేసరికి నాకు నాలుగేళ్లు. మా ఊళ్లో సారా ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టిన ఆడవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. మా నాన్న తాగేవాడు. తాగొచ్చిన రాత్రులు మా ఇంట్లో ఎలా ఉండేదో ఇక్కడ రాయను. మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. అటువంటి ఇంట్లోంచి వచ్చిన నేను బీరు పోసే యంత్రం గురించి శ్రద్ధగా రాయడమంటే అమ్మకు ద్రోహం చేస్తున్నట్టే అనిపించింది. చివరికి రాయమన్నది అమ్మే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మద్యనిషేధ ప్రచార సాహిత్యంలో స్త్రీ పాత్రల మీద నేను పిహెచ్.డి. చేశాను. ఆ నాటకాల్లో, కథల్లో, పాటల్లో భార్య ఏడుస్తుంది, తల్లి శపిస్తుంది, వెలయాలు మగవాడిని పాడుచేస్తుంది. మద్యం అమ్మే స్త్రీ మాత్రం ఎక్కడైనా ఒక్క క్షణం కనిపించి పోతుంది. ఆమె ఎందుకు అమ్ముతోంది, ఆమెకు ఏం మిగులుతుంది, దుకాణం మూసేశాక గిన్నెలు, ముంతలు కడిగేదెవరు అన్న ప్రశ్నలు ఆ రచనల్లో లేవు. నా థీసిస్‌లోనూ లేవని తర్వాత తెలిసింది.

ఆ లోటు నాకు మాంచెస్టర్‌లో తెలిసింది. ఒక ఫెలోషిప్ మీద కొన్ని నెలలు అక్కడ ఉన్నాను. నేనున్న వీధి మూలలో ఒక పాత పబ్బు. దాన్ని నడిపే ఆమెకు యాభై దాటి ఉంటాయి. నేను పాత ఇంగ్లండులో బీరు కాచిన ఆడవాళ్ల గురించి చదువుతున్నానని తెలిసి, "పుస్తకాలు సరే, సోమవారం పొద్దున్నే రా, అసలు పని చూద్దువు" అంది. పబ్బు తెరవకముందే వెళ్లాను.

పబ్బు కింద నేలమాళిగ. అక్కడ ఎప్పుడూ 12, 13 డిగ్రీల చల్లదనం ఉండాలి. పీపాలు దిమ్మల మీద పడుకోబెట్టి ఉన్నాయి. ఆ పీపాల్లో ఈస్టు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పీపా పైనున్న రంధ్రంలో ముందు మెత్తటి కర్ర మేకు దిగ్గొడతారు. లోపల పుట్టే వాయువు దాన్లోంచి మెల్లగా బయటికి పోతుంది. పొంగు తగ్గాక గట్టి కర్రతో చేసిన మేకు పెడతారు. ఎప్పుడు ఏ మేకు పెట్టాలో ఆమె నురుగును చూసి చెబుతుంది. మూత తీసి ఒక్క చూపు చూసి ఇడ్లీ పిండి పులిసిందో లేదో మన అమ్మలు చెప్పినట్టే.

పైన బల్ల మీదున్న పిడిని లాగితే కింది పీపాలోని బీరు గొట్టం వెంట పైకి వస్తుంది. మన ఊళ్లో బోరింగు కొట్టినట్టే అనుకోండి. సాధారణంగా ఒక లాగుకు అర పింటు వస్తుంది. పింటు అంటే 568 మిల్లీలీటర్లు. రాత్రి పబ్బు మూసేశాక గొట్టంలో బీరు నిలిచిపోతుంది. ఈస్టు, బాక్టీరియా లోపలి గోడకు పాచిలా పడతాయి. ఒక రకం బాక్టీరియా బీరును వెనిగర్‌లా మారుస్తుంది. మరో రకం పాడైన వెన్న వాసన తెప్పిస్తుంది. కాల్షియం ఆక్సలేటు రాయిలా పేరుకుంటుంది. అందుకే వారానికొకసారి గొట్టాలు కడగాలి. గొట్టాన్ని పీపా నుంచి తీసి నీళ్ల బకెట్లో పెట్టి పైనుంచి పంపు లాగాలి. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు లాగి, గొట్టం నిండా కాసేపు ఉంచాలి. మధ్యమధ్య పిడి కదిలించి మళ్లీ కొత్త మందునీళ్లు లాగాలి. చివర్న మంచినీళ్లతో కడిగి, కడిగి, ఎర్ర లిట్మస్ కాగితం ముంచి చూడాలి. అది నీలంగా మారితే కాస్టిక్ ఇంకా ఉన్నట్టే. పేరుకున్న రాయి పోవడానికి అప్పుడప్పుడు ఆమ్లం వాడాలి. కానీ క్లోరిన్ ఉన్న మందుతో ఆమ్లం కలిస్తే విషవాయువు పుడుతుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే. అయినా ఆమె మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఉంది.

కింద బకెట్ల దగ్గర ఒకరు, పైన పిడి దగ్గర ఒకరు ఉంటే పని తేలిక. ఆవిడ ఒక్కతే మెట్లెక్కుతూ దిగుతూ చేస్తోంది. ఆ రోజు పైన నేను నిలబడి లాగాను. అరగంటకే నా భుజం పట్టేసింది.

"ఈ పంపులూ గొట్టాలూ మీరే ఎంచుకున్నారా?" అని అడిగాను. నవ్వింది. పబ్బు కంపెనీది. సామాను కంపెనీ వాళ్లు పెట్టించారు. తనను అడిగి ఉంటే నేలమాళిగలో పీపాలను అవతలి గోడ దగ్గర పెట్టించి గొట్టాల పొడవు సగానికి తగ్గించేదాన్నంది. పొడవు తగ్గితే ఏమవుతుందో లెక్కేసి చూశాను. లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులున్న గొట్టంలో మీటరుకు దాదాపు 71 మిల్లీలీటర్లు పడుతుంది. పది మీటర్ల గొట్టమైతే పింటుంబావు పైన. కడిగినప్పుడల్లా ప్రతి పంపు దగ్గరా అంత బీరు తూములో పోతుంది. అంత గొట్టాన్ని నింపడానికి అంత కాస్టిక్ కావాలి, అన్ని లాగులు లాగాలి. కుళాయిలదీ అదే కథ. క్రోమియం పూత పూసిన ఇత్తడి కుళాయి చవక. పూత అరిగితే అడుగున ఇత్తడి బయటపడి మురికి పట్టుకుంటుంది. స్టీలు కుళాయి ఖరీదు, కానీ కడగడం సుళువు. ఎంచుకునేవాళ్లు కొన్న ధర చూస్తారు. ఎన్నేళ్లు కడగాలన్నది కడిగేవాళ్లే చూస్తారు. ఈ ఇద్దరూ ఒకరే అయితే ఏ సామాను కొనేవాళ్లు?

ఒకప్పుడు ఇద్దరూ ఒకరే. మధ్యయుగాల ఇంగ్లండులో బీరు కాచింది ఎక్కువగా ఆడవాళ్లే. అప్పట్లో దాన్ని ఏల్ అనేవాళ్లు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నీళ్లు, ఈస్టు, అంతే. వంటింటి గిన్నెలే పరికరాలు. నాలుగైదు రోజుల్లో పుల్లబడిపోయేది కాబట్టి కాచినామె ఇంటికి సరిపడా ఉంచుకుని మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేది. ఏల్ సిద్ధమైందని ఇంటి ముందు కర్ర కట్టేది. 13వ శతాబ్దం నాటికే దాని ధరకూ నాణ్యతకూ చట్టం ఉంది. రుచి చూసి తప్పుంటే జరిమానా వేయడానికి ఊరూరా అధికారులుండేవాళ్లు. ఆ జరిమానా జాబితాల్లోంచే చరిత్రకారిణి జుడిత్ బెన్నెట్ ఆ స్త్రీల పేర్లు వెతికి పట్టుకుంది. ఆమె పుస్తకం 1996లో వచ్చింది. శిక్ష పడినప్పుడు తప్ప ఆడవాళ్ల పని రికార్డుకెక్కకపోవడం మనకు కొత్త కాదు.

1400 ప్రాంతంలో హాప్స్ పూలు వేసి కాచే బీరు సముద్రం దాటి అక్కడికి వచ్చింది. హాప్స్ వేసిన బీరు ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది. నిలవ ఉండేదాన్ని ఎక్కువగా కాచి దూరాలకు పంపవచ్చు. దానికి పెద్ద పాత్రలు, పీపాలు, కట్టెలు, పనివాళ్లు, అప్పు కావాలి. పెళ్లయిన స్త్రీకి తన పేర ఆస్తి లేదు, అప్పు పుట్టదు. వృత్తి సంఘాల్లో పెత్తనం మగవాళ్లది. 1600 నాటికి చాలాచోట్ల బీరు కాయడం మగవాళ్ల వ్యాపారమైపోయింది. ఆడవాళ్లకు పని రాక కాదు, వంటింటి గిన్నె స్థానంలో కొనాల్సిన పరికరం రావడంతో వాళ్లు వెనకబడ్డారు.

అదే కాలంలో ఏల్ అమ్మే ఆడదాన్ని ఎగతాళి చేయడం పెరిగింది. జాన్ స్కెల్టన్ అనే కవి 16వ శతాబ్దం మొదట్లో అలాంటి ఒకామె మీద పెద్ద వెక్కిరింత కావ్యమే రాశాడు. లడ్లో అనే ఊళ్లోని సెయింట్ లారెన్స్ చర్చిలో ఒక ఆసనం కింద చెక్కిన బొమ్మ ఉంది. తక్కువ కొలత పోసినందుకు ఒక ఏల్ అమ్మే స్త్రీని దయ్యం నరకంలోకి మోసుకుపోతుంటుంది. ఆమె చేతిలో చెంబు అలాగే ఉంటుంది. కొలత పాపం అమ్మేదాని చేతికే అంటింది.

తర్వాత యంత్రం వచ్చింది. అంతకుముందు సిబ్బంది నేలమాళిగలోకి దిగి పీపా కుళాయి తిప్పి చెంబుల్లో పట్టుకుని పైకి మోసుకొచ్చేవాళ్లు. 1691 నాటికే జాన్ లాఫ్టింగ్ బీరు తోడే పంపు తయారుచేశాడు. 1797లో జోసెఫ్ బ్రామా నేలమాళిగ నుంచి బీరు పైకి తోడే పంపుకు పేటెంట్ తీసుకున్నాడు. తాళాలు, హైడ్రాలిక్ ప్రెస్ కనిపెట్టిన బ్రామాయే ఈయన. 19వ శతాబ్దంలో పట్టణ పబ్బుల్లో పొడవాటి బల్ల, దాని మీద వరసగా పంపు పిడులు వచ్చాయి. 1830 బీరుషాపు చట్టంతో రెండు గినీలు కట్టినవాళ్లకల్లా లైసెన్సు దొరికి దుకాణాలు వేలల్లో పుట్టాయి. ఆ పిడి లాగడానికి జీతానికి కుదిరిన ఆడపిల్లలే బార్‌మెయిడ్లు. యంత్రం చరిత్ర రాసేవాళ్లు బ్రామా దగ్గర మొదలుపెట్టి బ్రామా దగ్గరే ఆపేస్తారు.

ఆ పంపుల గొట్టాలు చాలాచోట్ల సీసంవి. సీసం చవక, ఎటు కావాలంటే అటు వంగుతుంది. కానీ బీరుకు పులుపుంటుంది. మన ఇళ్లలో కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు వదిలేస్తే చిలుమెక్కినట్టు, రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరులోకి సీసం దిగేది. కాబట్టి పొద్దున వచ్చే మొదటి బీరు పారబోయాలి. పారబోస్తే యజమానికి నష్టం, పోసిస్తే తాగినవాడికి విషం. ఆ ఇద్దరి మధ్య పిడి పట్టుకుని నిలబడ్డది జీతగత్తె. సీసం గొట్టం ఎంచుకున్నది ఆమె కాదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు కథకు వస్తాను. 20వ శతాబ్దం మొదట్లో బార్‌మెయిడ్ పనినే రద్దు చేయాలని బ్రిటన్‌లో ఉద్యమం నడిచింది. నడిపిన మద్యనిషేధ సంఘాల వారిలో స్త్రీలు కూడా ఉన్నారు. వాళ్లు చెప్పిన కారణాలు అబద్ధాలు కావు. పొద్దున తలుపు తీసినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా నిలబడే పని. తాగినవాళ్ల మాటలు, చేతులు. 1908లో లిబరల్ ప్రభుత్వం తెచ్చిన లైసెన్సింగు బిల్లులో, స్త్రీలను బార్లలో పెట్టకూడదని షరతు విధించే అధికారం మేజిస్ట్రేట్లకు ఇచ్చే క్లాజు పెట్టారు.

ఆ క్లాజుకు ఎదురు నిలిచిన వాళ్లలో ఎవా గోర్-బూత్, ఎస్తర్ రోపర్ ముఖ్యులు. ఎవా ఐరిష్ కవయిత్రి. ఇద్దరూ మాంచెస్టర్‌లో ఉంటూ మిల్లుల్లో పనిచేసే స్త్రీలను కూడగట్టి ఓటు హక్కు కోసం పనిచేశారు. బార్‌మెయిడ్ల కోసం వాళ్లు ఒక రక్షణ సంఘం పెట్టారు. వాళ్ల వాదన సూటిగా ఉంది. పని గంటలు ఎక్కువైతే గంటలు తగ్గించండి. తాగినవాడు చెయ్యి వేస్తే వాడిని బయటికి పంపండి. ఆమె కూడు తీసేయడం రక్షణ ఎలా అవుతుంది? పైగా ఆమెకు ఓటు లేదు. తన ఉద్యోగం తీసేసే సభకు సభ్యుణ్ణి ఎన్నుకునే హక్కే ఆమెకు లేదు.

1908 ఏప్రిల్‌లో మాంచెస్టర్ నార్త్ వెస్ట్‌లో ఉపఎన్నిక వచ్చింది. లిబరల్ అభ్యర్థి విన్‌స్టన్ చర్చిల్. ఎవా, ఎస్తర్ ఆయనకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ఎవా అక్క కాన్‌స్టన్స్ మార్కివిచ్ నాలుగు తెల్ల గుర్రాల బండి తోలుకుంటూ వీధుల్లో తిరిగింది. నీకు వంట చేయడం వచ్చా అని ఎవరో అరిస్తే, వచ్చు, నీకు నాలుగు గుర్రాల బండి తోలడం వచ్చా అని ఎదురడిగిందని చెబుతారు. చర్చిల్ ఓడిపోయాడు. ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ బార్‌మెయిడ్ల మాట ఆ ఎన్నికలో వినిపించింది. ఆ క్లాజు చట్టం కాలేదు. బిల్లు మొత్తాన్నే ఆ నవంబరులో ప్రభువుల సభ తిరస్కరించింది.

అన్నిచోట్లా అలా జరగలేదు. న్యూజిలాండులో 1910 చట్టం కొత్తగా బార్‌మెయిడ్లను పెట్టుకోవడాన్ని నిషేధించింది. అప్పటికే పనిలో ఉన్నవాళ్లు పేర్లు నమోదు చేసుకుని కొనసాగవచ్చు. లైసెన్సుదారు ఇంటి ఆడవాళ్లకు మాత్రం మినహాయింపు. అంటే భార్యో కూతురో జీతం లేకుండా బీరు పోస్తే మర్యాద చెడదు, జీతం తీసుకుని పోస్తేనే చెడుతుందన్నమాట! నిషేధం 1961 దాకా ఉంది. ఆడవాళ్లను తీసేశాక బార్లు మర్యాదగా మారాయా? 1917 నుంచి 1967 దాకా అక్కడ బార్లు సాయంత్రం ఆరింటికే మూసేవాళ్లు. పని నుంచి వచ్చిన మగవాళ్లు ఆ కాస్త సమయంలోనే కుమ్ముకుని తాగేవాళ్లు. ఒక్కో గ్లాసుకు కుళాయి తిప్పడం కుదరక, పెట్రోలు బంకులో లాగా పొడవాటి గొట్టం చివర తుపాకీ మీటలాంటిది పెట్టి వరసగా గ్లాసులు నింపేవాళ్లు. ఆడదాన్ని తీసేస్తే తాగుడు తగ్గలేదు.

ఇది మన దేశానికి సంబంధించని కథ అనుకుంటే పొరపాటు. 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టంలో 30వ సెక్షన్ ఉంది. జనం కూర్చుని మద్యం తాగే చోట, తెరిచి ఉన్న వేళల్లో, పాతికేళ్లు నిండని మగవాళ్లను గాని, ఏ వయసు స్త్రీనైనా గాని, ప్రతిఫలం ఇచ్చినా ఇవ్వకపోయినా పనిలో పెట్టకూడదని దాని సారాంశం. ఢిల్లీకీ ఇదే వర్తించింది. 2006లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. 2007 డిసెంబరులో అనుజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. రక్షణ పేరుతో స్త్రీ ఉపాధిని తీసేయడం కాదు, ఆమెకు భద్రత ఉండేలా చూడటం ప్రభుత్వం పని అన్నది ఆ తీర్పు సారం. ఎవా గోర్-బూత్ వాదన వంద ఏళ్లకు మన కోర్టులో వినబడింది.

ఆ సెక్షన్ మాటలు మళ్లీ చదవండి. తెరిచి ఉన్న వేళల్లో, జనం తాగే చోట. తెరవకముందు పొద్దున వచ్చి నేల తుడిచి, గ్లాసులు కడిగి, గొట్టాల్లో పాచి వదిలించి వెళ్లిపోయే ఆడదానికి ఆ చట్టం అడ్డురాదు. కంటికి కనబడి జీతం తీసుకునే చోట నిలబడితేనే ఆమెకు రక్షణ అవసరమవుతుంది.

మాంచెస్టర్ నుంచి ఒక రాత్రి అమ్మకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. భయపడుతూనే చెప్పాను. అమ్మ అంతా విని, "ఆడ కూడా కడిగేది ఆడోళ్లేనా?" అంది. కాసేపాగి, "మనూళ్లో సారా ప్యాకెట్లు అమ్మే ఆమె నీకు గుర్తుండదులే, చిన్నపిల్లవి" అంది.

అమ్మ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె భర్త పోయిన మనిషి. కాంట్రాక్టరు జీపులో తెచ్చి దించిపోయిన ప్యాకెట్లను ఇంటి దగ్గర పెట్టుకుని అమ్మేది. ప్యాకెట్‌కు ఇంతని ఆమెకు ఇచ్చేవాళ్లు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో పోయించాక అది ఇంటి గుమ్మాల దాకా వచ్చింది. కుండ, గ్లాసు, దుకాణం ఏవీ అక్కర్లేకుండా జేబులో పెట్టుకుని పొలం గట్టు మీద తాగొచ్చు. ప్యాకెట్ కూడా ఒక పరికరమే. దాన్ని ఎంచుకున్నవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. దాని ఫలితం మా అమ్మ వీపు మీద పడింది.

"కాంట్రాక్టరు ఇంటి మీదికి మేం తర్వాత పోయినాం. ముందు ఆమె ఇంటికే పోయినాం. దగ్గర గదా, ఒంటరిది గదా" అంది అమ్మ. ప్యాకెట్లన్నీ లాక్కొచ్చి వీధిలో తగలబెట్టారు. ఆమె ఏడ్చింది. కొన్నాళ్లకు ఊరు విడిచి పోయింది.

"ఎక్కడికి పోయిందమ్మా?"

"మేం అడగలా."

1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ విజయం గురించి మనం ఎంతో రాసుకున్నాం, రాసుకోవాల్సిందే. "మళ్లీ అట్టాంటి రోజులొస్తే మళ్లీ తగలబెడతాం. దాంట్లో తప్పేం లేదు" అంది అమ్మ. "కానీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకోని, నీకేం కావాలమ్మే అని అడిగుండాల. అడగలా. నువ్వది కూడా రాయి."

అందుకే రాస్తున్నాను. తాగుడు మీద కోపం, అమ్మే చేతి మీద కోపం రెండూ ఒకటి కాదని 1908లో మాంచెస్టర్‌లో ఇద్దరు స్త్రీలు వాదించారు. నేను దాన్ని లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. అమ్మ ముప్పై ఏళ్లు మనసులో పెట్టుకుని తెలుసుకుంది. ఇప్పుడు హైదరాబాదులో అక్కడే కాచి అక్కడే పోసే బీరు దుకాణాలు వచ్చాయి. స్టీలు పాత్రలు అద్దాల వెనక మెరుస్తుంటాయి. అవి చూసినప్పుడల్లా పొద్దున వాటిని కడిగేదెవరు, చేతులకు తొడుగులున్నాయా, సామాను కొనేముందు వాళ్లనెవరైనా అడిగారా అని అడగాలనిపిస్తుంది.

మీ ఊళ్లో కూడా సారా అమ్మిన ఆడవాళ్లు ఉండి ఉంటారు. వాళ్లు తర్వాత ఏమయ్యారో మీకు తెలిస్తే, లేదా మీ అమ్మకు, అత్తకు తెలిస్తే, అడిగి రాయండి. ఉద్యమ చరిత్రలో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.